పైకెళ్లిన చింతకాయ తొక్కు

దయ్యాలు, శకునాలు అంటే చిన్నప్పటి నుంచీ నాకు నవ్వే. ఇబ్రహీంపట్నంలో ఏ ఇంట్లో దయ్యం ఉందన్నా, ముందు అద్దె ఎంతని అడిగే రకాన్ని. ఇది మాత్రం మా ఇంట్లో, పట్టపగలు, నా కళ్ల ముందే జరిగింది.

తుక్కుగూడ దగ్గర ఒక ఆహార ప్రయోగశాలలో పనిచేస్తాను. అంతరిక్ష కేంద్రంలో ఉండే వ్యోమగాములకు తిండి తయారుచేస్తాం. పొడులు పనికిరావు, గాల్లో తేలి కళ్లల్లో పడతాయి. ముద్దగా ఉండేదేదైనా కావాలన్నారు. మా అమ్మ చేసిన చింతకాయ తొక్కు పట్టుకెళ్లాను. ఎంపికైంది! అమ్మ ఆ మాట కూరగాయల బండివాడికి కూడా చెప్పింది.

మనుషులెవరూ ఉండని సరుకుల నౌకలో తొక్కు పైకెళ్లింది. దారిలో నౌక సౌరపలక ఒకటి తెరుచుకోలేదు. కరెంటు చాలక, చల్లబరిచే యంత్రం ఆగి లోపల వేడి పెరిగిందట. ఆలస్యంగా కేంద్రానికి చేరింది గానీ, తిండి పాడై ఉంటుందని, పారేస్తారేమోనని మాకు కబురొచ్చింది.

అమ్మ చిన్నబోయింది. "నా చెయ్యే మంచిది కాదు బిడ్డా. నా తొక్కు పెట్టకుంటే అది మంచిగ పోతుండె" అంది. ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి రోలు ముట్టలేదు. అమ్మ తొక్కు లేకపోతే నాకు ముద్ద దిగదు. ఆమె ముఖం చూస్తే అసలే దిగేది కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఉత్త పెరుగన్నం తింటోంది. ఉన్నట్టుండి పొలమారింది. కళ్లలో నీళ్లు, ముక్కంతా ఎరుపు. గబగబా నెత్తి తట్టాను.

"ఎవరో యాది చేస్తున్నరు" అంది దగ్గుతూ. "అబ్బా, ఏం కారం! నోరు మండుతున్నది."

ఆమె కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని తిన్నాను. చప్పగా ఉంది.

మర్నాడు ఆఫీసుకు వీడియో వచ్చింది. ప్యాకెట్లు పరీక్షిస్తే బాగానే ఉన్నాయట. ఒక విదేశీ వ్యోమగామి రొట్టెకు అమ్మ తొక్కు పూసుకుని కొరికాడు. పొలమారింది. ముఖం కందిపోయింది. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ మళ్లీ ఇంత పూసుకున్నాడు. తీసిన సమయం చూశాను. సరిగ్గా మా ఆదివారం భోజనాల వేళ. అందరి ముందూ సిగ్గులేకుండా ఏడ్చాను, సంతోషంతో.

సాయంత్రం అమ్మకు చూపించాను. "అయ్యో, పిల్లగానికి నీళ్లన్న ఇయ్యరా?" అంటూ లేచి రోలు కడిగింది. "ఈసారి కారం జర తక్కువేస్త."

ఆ కారం అమ్మ నాలుకకు ఎలా తగిలిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ పూట మాత్రం కడుపు పట్టనంత తిన్నాను.