గోల్‌కీపర్ సోమ్లి

2023 వానాకాలం. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని నా రిపేరు షాపుకు పెద్దవంగర దగ్గరి తండా నుంచి సోమ్లి అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. అరచేతిలో పట్టే పాత వీడియో గేమ్ ఒకటి సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆమె భర్త జనగామలో ఒక ప్రైవేటు బడిలో ఆటల సారుగా పనిచేసి, ఆరు నెలల కింద గుండెపోటుతో పోయాడు. రోజూ బస్సులో పోతూ వస్తూ ఇదే ఆడేవాడట.

అది ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్. ఇందులో మనం బంతి తన్నం. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, ఎవరిని ఆడించాలి అన్నదే మన పని. మ్యాచ్ మొదలయ్యాక చూస్తూ కూర్చోవాలి.

బ్యాటరీలు కారి రేకులకు చిలుము పట్టింది. గీకేస్తే దీపం వెలిగింది కాని ఆట రాలేదు. ఆట ఉండే బిళ్లను కార్ట్రిడ్జ్ అంటాం. దాన్ని విప్పాను. లోపల చొక్కా గుండీ అంత సెల్ ఉంది. ఏ సామాను వచ్చినా ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టడం మా పనిలో మొదటి పాఠం. ముప్పై ఏళ్లుగా నా చేయి నన్ను అడగకుండానే ఆ పని చేస్తోంది. టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్ సెల్ దగ్గరికి పోయింది.

"అన్నా, జర నిమ్మళంగ. మా తండ అంత అండ్లనే ఉన్నది."

"తండ ఏంది చెల్లె?"

"ఆడేటోళ్లకు మావోళ్ల పేర్లు పెట్టిండట. నిన్ను గోల్‌కీపర్ చేసిన అనేటోడు. నేను నమ్మలె. గదొక్కటి చూద్దామని వచ్చిన."

చేయి ఆపాను. ఇలాంటి కార్ట్రిడ్జిల్లో సేవ్, అంటే అప్పటిదాకా ఆడిన ఆటంతా, ఆ సెల్ మీదే నిలిచి ఉంటుంది. సెల్ తీస్తే చెరిగిపోతుంది. మీటరు పెట్టి చూశాను. సెల్‌లో ఛార్జి ఆఖరుకు వచ్చి ఉంది.

అంతకు ముందు ఏడాది నా భార్య పోయింది. ఆమె ఫోన్‌ను మా వదినకు ఇచ్చే ముందు ఫార్మాట్ చేశాను. చేతులు మారే ఫోన్‌ను తుడిచి ఇవ్వడం షాపు పద్ధతి. అందులో ఏముందో చూడలేదు.

కార్ట్రిడ్జ్ కాళ్లు, అంటే గేమ్‌కు తగిలే రేకులు, తుడిచి, విప్పినదాన్ని అలాగే పెట్టి ఆన్ చేశాను. ఆట వచ్చింది. ఆన్‌లో ఉన్నంతసేపు సేవ్‌కు కరెంటు గేమ్ నుంచే అందుతుంది, సెల్‌ను అప్పుడే మార్చాలి. ఐరన్ నుంచి కొద్దిపాటి లీకేజీ కరెంటు తగిలినా సేవ్ పోవచ్చు. అందుకని ఐరన్ బాగా కాగాక ప్లగ్గు పీకి, అది చల్లారేలోగా పాతది తీసి కొత్తది అతికించాను. ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేశాను.

జట్టు ఉంది.

"నాకు ఇంగ్లీషు రాదు. సదువన్నా."

"లచ్చిరాం."

"మా మామ. ఇంట్ల కట్టె లేంది నడువడు. ఈడ ఉరుకుతుండా?"

"బిచ్యా."

"మా మరిది. మంచం దిగడు గాడు."

పదిమందిని చదివాను. పదకొండోది గోల్‌కీపర్ పేరు. "సోమ్లి" అన్నాను.

ఆమె తెర మీదికి వంగింది. "ఎట్ల ఆడుతున్న?" అంది.

రికార్డు తెరిచాను. ఈ ఆటలో వయసు పెరిగేకొద్దీ ఆటగాళ్ల బలం తగ్గుతుంది. అలాంటివాళ్లను అమ్మేసి కొత్తవాళ్లను తెచ్చుకుంటారు. జట్టులో అందరికన్నా బలహీనంగా ఉన్నది సోమ్లి. ఆమెకన్నా ఎంతో మేలైన కీపర్ బెంచీ మీద ఉన్నాడు. జట్టు ఓడి ఓడి అట్టడుగు డివిజన్‌కు పడిపోయింది. అయినా పద్నాలుగు సీజన్లలో ఒక్క మ్యాచ్‌కు కూడా ఆమెను పక్కన పెట్టలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాను.

"పిచ్చోడు. టీమంత ముంచిండు" అంది. కొంగుతో తెర తుడిచి, గేమ్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

ఆమె పోయాక కూడా నేను ఇంకో పని ముట్టుకోలేకపోయాను. ఇన్నేళ్లలో వేల సామాన్లు విప్పాను. వాటిలో ఇలాంటివి ఉంటాయని నాకు తెలియదు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు "ఇండ్ల ఏమున్నది?" అని అడుగుతాను. చెప్పేదాకా ఆగుతాను. అది నేర్చుకునేసరికి నా భార్య ఫోన్ తుడిచి ఏడాదైంది.