ఎవరూ లాగని తోక

తవిటమ్మ తాటి మొవ్వాకును ఒళ్ళో పరుచుకుని, ఈనె పక్కన కత్తి మొనతో గాటు పెట్టి, ఒక్క లాగులో చీల్చింది. చీలిక చివరిదాకా ఒకే వెడల్పున వచ్చింది. రాత్రంతా మంచులో ఉంచిన ఆకు కాబట్టి పెళుసు లేకుండా చెప్పినట్టు వింటోంది. ఇలాంటి చీలికలు మూడు చేర్చి జడలా అల్లితే రెండు మూరల తోక అవుతుంది. ఒక కొసన కుచ్చు. నడుములో దోపుకునే రెండో కొసన రేగుపండంత ముడి. రేపు ఆదివారానికి పద్నాలుగు తోకలు కావాలి. పదమూడు అయ్యాయి. మిగిలింది జగన్నాధానిది.

శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద ఆదివారం పొద్దున్నే ఆపసోపాల సంఘం పరుగెడుతుంది. యాభై దాటనివాళ్ళకి అందులో చోటు లేదు. అందరూ వెనక తోక దోపుకుంటారు. పాత వంతెన చేరేలోగా ఒకరి తోక ఒకరు లాక్కోవాలి. తోక పోయినవాళ్ళు టీ బడ్డీ ముందు నిలబడి గాడిదలా మూడుసార్లు ఓండ్రపెట్టాలి. ఇదంతా కనిపెట్టినవాడు జగన్నాధం, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు.

ఐదేళ్ళ కిందట తవిటమ్మ వంతెన మొదట్లో కూర్చుని విసనకర్రలు, బుట్టలు అమ్ముకునేది. ఒకరోజు ఇతను వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఓ తోక అల్లగలవేటి?"

తాగొచ్చాడనుకుంది. "ఎవులికి? కోతికా, గేదికా?"

"నాకే."

వెర్రి పనైనా పని పనే. ఎంత పొడుగు, ఎంత లావు, ఎంత గట్టిగా లాగితే ఊడాలి అని అడిగి మరీ అల్లింది. మూడో వారం ఆమెనే లాక్కొచ్చి పరుగులో నిలబెట్టాడు. తొమ్మిదో ఏట ఆకు ముందు కూర్చున్న మనిషి, బస్సు కోసం తప్ప ఎన్నడూ పరుగెత్తి ఎరగదు. ఆ రోజు చీర ఎగదోపి, వట్టి కాళ్ళతో నలుగురి తోకలు లాగేసింది. అందులో ఒకటి హిందీ పంతులమ్మ దుర్గాభవానిది. అప్పటినుంచి జగన్నాధం ఆమెకి బావ, అతని పెళ్ళాం ఈశ్వరి అప్ప.

"వయసు ముందునుంచి రాదే మరదలా, ఎనకనుంచి వస్తాది," అనేవాడు జగన్నాధం. "బల్లిని సూడు. తోక ఒగ్గేసి పేనం దక్కించుకుంటాది. మనమూ అంతే. దాని సేతిలో తోకెట్టీసి బేగి పారిపోవాల."

అలాంటివాడికి కిడ్నీలు పోయాయి. పుట్టింది ఉద్దానం వైపు. అక్కడి ఇళ్ళకి ఈ జబ్బు కొత్త కాదు. వారానికి మూడు రోజులు డయాలసిస్. అందుకోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు. కట్టు కట్టిన ఆ చేతికి దెబ్బ తగలకూడదు. పరుగు వద్దు, మెల్లగా నడవొచ్చు అన్నాడు డాక్టరు. జగన్నాధం తోక దోపుకుని నడవడానికే వచ్చాడు. అందరూ అతన్ని దాటిపోయారు. తోక మీద ఒక్క చెయ్యీ పడలేదు. అలా ఏడు ఆదివారాలు.

ఏడో ఆదివారం టీ బడ్డీ దగ్గర అరిచాడు. "ఏటర్రా, నాను అప్పుడే సచ్చిపోయానేటి? దండేసిన పటంలాగ సూస్తన్నారు! ఒక్కరికీ సేతులు లేవా?"

అందరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఈ శనివారం మధ్యాహ్నం, తవిటమ్మ ఆ పద్నాలుగో తోకకి ఆకు చీలుస్తుండగా ఈశ్వరి వచ్చి గుమ్మంలో కూలబడింది. "ఆ ఏడు తోకలూ మేకుకి తగిలించి సూస్తా కూకుంటన్నాడే. కూడు ముట్టడు. ఈ వారం కూడా ఎవులూ లాగకపోతే ఇంక గట్టుకి రానంటన్నాడు. డయాలసిస్ కూడా ఎందుకంటన్నాడు. ఒక్కపాలి నివ్వైనా లాగవే."

"లాగుదావనే ఎనకాలెల్లినానప్పా. బెత్తెడు దూరంలో ఆ కట్టు కనపడినాది. సెయ్యి రాలేదు."

అది నిజం. పడతాడేమోనన్న భయం ఒకటి. దానికంటే పెద్దది మరొకటి ఉంది. ఇక ఇచ్చుకోవడానికి ఏమీ మిగలనివాడి దగ్గర ఉన్న ఒక్క తోకనీ ఎలా లాక్కోవడం?

ఈశ్వరి వెళ్ళాక తవిటమ్మ పద్నాలుగోది అల్లింది. జడ ఎప్పటిలాగే వచ్చింది. ముడి దగ్గరికి వచ్చేసరికి, నలభై ఏడేళ్ళ పనిలో ఎన్నడూ చెయ్యనిది చేసింది. ఆకును బిగించకుండా ఉత్తినే చుట్టి, కొస లోపలికి దోపేసింది. చూపుకి ముడే. నాలుగడుగులు వేస్తే విడిపోయి, తోక నడుములోంచి జారిపోతుంది. దుర్గాభవాని ఇంటికి వెళ్ళి చెవిలో చెప్పింది. "ఊడి పడతాది. ఏరుకోని, లాగీసినానని కేకెయ్యి, పంతులమ్మా."

ఆదివారం ముప్పై అడుగులు కూడా వేయకుండానే తోక జారింది. వెనకే వస్తున్న దుర్గాభవాని అందుకుని కేక పెట్టింది. "పట్టేశాను జగన్నాధం గారూ!"

జగన్నాధం నడుం తడుముకున్నాడు. మొహం పెళ్ళికొడుకులా అయిపోయింది. టీ బడ్డీ దాకా కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, మూడుసార్లు కాదు, తొమ్మిదిసార్లు ఓండ్రపెట్టాడు. రోడ్డు మీద ఆటో ఆగిపోయింది. టీ పోసేవాడు గరిట వదిలేసి నవ్వాడు. తవిటమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది.

"పంతులమ్మా, ఆ తోక నాకిచ్చీ," అన్నాడు జగన్నాధం. "నాలుగు రోజులు సూసుకుంటాను."

మంగళవారం పొద్దున్నే ఆ తోక పట్టుకుని తవిటమ్మ ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకున్నాక తోక కొసను ఆమె ముందు పెట్టాడు.

"బిగిసిన ముడి ఊడితే ఆకు మీద మడత ఉంటాది కదే. దీని మీద మడత ఏదీ?"

తవిటమ్మ ఒళ్ళోని ఆకు పక్కన పెట్టింది.

"ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కినోడిని. ముడి మీదే నా పేనం ఏలాడీది. నాకే దొంగముడి ఏస్తావేటి?"

"అప్ప ఏడిసినాది, బావా. నాకింకేటీ తోసలేదు."

"అదేడుస్తాది. ఊరూ ఏడుస్తాది. నివ్వు పనిమంతురాలివనుకున్నాను." కోపం లేదు గొంతులో. అది ఉన్నా బాగుండేది. "తొమ్మిదిసార్లు అరిసినానే. గాడిదిని సేసీసినారు."

"అది ఎప్పుడూ సేస్తన్నదే కదా," అంది తవిటమ్మ.

నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. గుక్కెడు తాగి ఆపేశాడు. అతనికి రోజుకి ఇన్నే నీళ్ళని లెక్క ఉంది.

"మరొచ్చే వారం లాగుతావా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఒక్కసారి ఆడి ఏం జరిగిందో చూసింది కదా. "సెయ్యి రాదు బావా. నిన్ను సూస్తే రాదు. నానేటి సేసీది?"

జగన్నాధం తన ఎడమ చేతివైపు చూసుకున్నాడు. "నాకైనా రాదేమో," అన్నాడు. "సర్లే. లాగినా మానినా మీ ఇష్టం. ముడి మటుకు సరిగ్గా ఎయ్యి. ముడి అబద్ధం కాకూడదు."

"అయితే గట్టుకొస్తావా?"

"ముందు ముడెయ్యి."

తవిటమ్మ తడిగుడ్డలోంచి కొత్త ఆకు తీసింది. ఈనె తీసింది. మూడు చీలికలు ఒకే వెడల్పున కోసి, కాలి బొటనవేలికి తగిలించి, జడ బిగించి అల్లింది. కుచ్చు కట్టింది. రెండో కొసన ఒక్కో చీలికనీ రెండేసిసార్లు వెనక్కి మడిచి, సందులోంచి దూర్చి, పళ్ళతో పట్టుకుని లాగింది. ముడి కిర్రుమని బిగిసింది. నడుముకి దోపి లాగి చూసుకుంది. ఓ మనిషి గట్టిగా లాగితే తప్ప ఊడదు. ఎవరూ లాగరని ఇద్దరికీ తెలుసు.

కొసలు కత్తిరించి, నలుసులు దులిపి, తోకను చుట్టగా చుట్టి రెండు చేతులతో అందించింది. జగన్నాధం కుడి చేత్తో అందుకుని, బొటనవేలితో ముడిని తడిమి చూసుకుని, నడుములో దోపుకున్నాడు.