మడత పట్టకారు విప్పిన ఆదివారం

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా మరిది పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టాడు. చర్చి నుంచి వచ్చి, భోజనాలు ముగించి వంటింట్లో కూర్చున్నాం. నా భర్త పోయి అప్పటికి ఐదు నెలలు. ఆయన మడత పట్టకారు తెరుచుకోవడం లేదు. విప్పి చూద్దామనుకున్నాం.

అది అరచేతిలో పట్టే స్టీలు పనిముట్టు. రెండు పిడులు తెరిస్తే పట్టకారు అవుతుంది. పిడుల్లో చాకు, చిన్న రంపం, రెండు స్క్రూడ్రైవర్లు మడిచి ఉంటాయి. మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసిన ఒక విదేశీ డాక్టరమ్మ, అక్కడి బోరింగు బాగుచేసినందుకు ఆయనకు ఇచ్చి వెళ్లింది. డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్లలో బోరింగులు బాగుచెయ్యడమే ఆయన పని. అది జేబులో లేకుండా ఆయన ఇల్లు కదిలేవారు కాదు. ఇప్పుడు ఆ పని మరిది చేస్తున్నాడు. పట్టకారు అతనికి ఇవ్వాలనుకున్నాను. ఇస్తే పనికొచ్చేలా ఇవ్వాలి.

స్క్రూల తలల్లో నక్షత్రం ఆకారపు గుంటలున్నాయి. మా ఇంట్లో ఉన్న ఏ స్క్రూడ్రైవరూ వాటిలో పట్టలేదు. మరిది ఒక సన్నటిదాని మొనను ఆకురాయితో అరగదీసి, గుంటలో బిగుతుగా దిగేలా చేశాడు. అయినా స్క్రూ తిరగలేదు. ముందురోజంతా కిరసనాయిల్లో నానబెట్టినా లాభం లేకపోయింది. అందుకే వేడినీళ్లు.

నీళ్లు మరిగాక పట్టకారును అందులో వేసి, కాసేపటికి తీసి గుడ్డతో పట్టుకున్నాడు. ఈసారి స్క్రూ తిరిగింది. ఒక్కొక్క ముక్క బయటికి వస్తుంటే నేను పాత న్యూస్‌పేపరు మీద వరుసగా పెట్టి, పక్కన సుద్దతో అంకెలు వేశాను.

"ఏటొదినా, బడి పిల్లలకి లాగ దీనికీ లెక్కలు సెప్తన్నావేటి?"

"మళ్లీ బిగించేటప్పుడు నన్నే అడుగుతావు, ఉండు."

అతను నవ్వాడు. ఐదు నెలల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు అనుకుంటాను.

ముక్కల మధ్య గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. తుప్పు ఎక్కడా లేదు. మరిది ఒక ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది వలిసి నూనె ఒదినా. ఇనప సామానుకి వలిసి నూనెవడు రాసీసాడు?"

రాసింది నేను. మా లోయలో శీతాకాలం కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. మా కొండల్లో పండే వలిసె గింజల నూనె గడ్డకట్టదు. చలికి బిగుసుకునే తలుపు బందులకు మా అత్తగారు అదే రాసేవారు, నేనూ అదే నేర్చుకున్నాను. అది గాలికి ఆరి, పొరలు పొరలుగా బంకలా మారుతుందని నాకు తెలియదు. తలుపును రోజూ తెరుస్తాం, మూస్తాం కాబట్టి తెలియలేదు.

చనిపోవడానికి రెండేళ్ల ముందు ఆయన మలేరియాతో మూడు నెలలు మంచం దిగలేదు. పట్టకారు ఊరికే పడి ఉంటే తుప్పు పడుతుందని ప్రతి శనివారం నేనే నూనె రాసి కిటికీలో ఎండకు పెట్టాను. లేచి తిరుగుతున్న మొదటి రోజు ఆయన దాన్ని తీసుకుని వసారాలో కూర్చున్నారు. రెండు చేతులతో లాగారు. మోకాళ్ల మధ్య పెట్టుకుని లాగారు.

"సేతుల్లో సత్తువ లేదే. జొరం తినీసింది."

"పోనీ, ఆ పని మానెయ్యండి. ఇన్నాళ్లు కొండలెక్కింది చాలదేటి? నాకు బడి జీతం వస్తోంది కదా."

ప్రేమతోనే అన్నాను. ఎండల్లో, వానల్లో ఆయన తిరగడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. లోపల సంతోషించాను కూడా. ఆయన పట్టకారును పెట్టెలో పెట్టేశారు. మిగతా పనిముట్లను ముట్టుకుని చూడలేదు. బోరింగు చెడిందని కబురు తెచ్చినవాళ్లకు తమ్ముడి ఇల్లు చూపించేవారు. వసారాలో కూర్చుని అరచేతులు చూసుకునేవారు. ఆ రెండేళ్లూ అలాగే గడిచాయి. గుండె ఆగి పోయారు.

ఇదంతా మరిదికి చెప్పాను. అతను వెదురు పుల్లతో జిగురు గీకుతూనే ఉన్నాడు.

"జొరమొస్తే ఎవుడికైనా నీరసవే ఒదినా," అన్నాడు. "కానీ పట్టకారు తెరవలేనంతేటి కాదు. మా అన్న సేతులు అవి."

నన్ను ఓదార్చాలని మొదలుపెట్టి నిజం చెప్పేశాడని అతనికీ తెలిసింది.

ముక్కలన్నీ బట్టల సోడా వేసిన నీళ్లలో ఉడికించి, తుడిచి, అంకెల వరుసలో బిగించాం. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాం. నా బొటనవేలితో తోస్తే తెరుచుకుంది. మూసి మరిది చేతిలో పెట్టాను. అతను కాస్త వెనకాడి, జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో చాలామందికి జబ్బులు చేశాయి, లేచారు. పని మానెయ్యమని నేను ఎవరికీ చెప్పడం లేదు.