పంచె ముక్క మీద గుడ్లు

ఎనభైల మొదట్లో నేను జంషెడ్‌పూర్‌లో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో పరిశోధన చేసేదాన్ని. కందికాయ తొలిచే పురుగును గాజు సీసాల్లో పెంచడం నా పని. పురుగుమందు పరీక్షకు ఒకే ఈడు పురుగులు కావాలి. అందుకు రెక్కలొచ్చిన తల్లి పురుగులన్నీ ఒకే రాత్రి ఒకే చోట గుడ్లు పెట్టాలి. అవి పెట్టవే! కాగితం వేలాడదీస్తే ముట్టలేదు. కంది రెమ్మలు పెడితే వాడిపోయి బూజు పట్టాయి. చివరికి నాన్న పాత పంచె చింపి సీసాల్లో వేలాడదీశాను. తెల్లారేసరికి గుడ్డ నిండా గసగసాలు చల్లినట్టు గుడ్లు!

శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉన్న మా మేనత్త ఆ రోజే నాకు అన్నం కారియరు పట్టుకొచ్చింది. ఆమెని సిద్ధగోరాలోని మా ఇంటి నుంచి నాన్న స్కూటరు మీద తెచ్చి గేటు దగ్గర దింపి డ్యూటీకి పోయాడు. మావయ్య పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి ఆమె.

"ఇది మీ నాయిన పంచే గదే? ఈ సుక్కలేటి?"

"కందికాయ పురుగు గుడ్లత్తా," అన్నాను గర్వంగా.

అత్త మొహం పాలిపోయింది. "ఆ పురుగునా? నువ్వా పెంచుతన్నావు?"

నా చేతిలోని గుడ్డ లాక్కుని, రెండు అరచేతుల మధ్య పెట్టి బరబరా నులిమేసింది. ఆపాలని నాకు తోచలేదు.

"ఓ ఏడు కాపంతా ఈటికే పోనాది. మీ మావ సేలోనే కూకుండిపోనాడు, ఇంటికి రానన్నాడు. ఈటికి నువ్వు పక్కలేత్తన్నావా?"

చప్పుడుకి నా పరిశోధన చూసే మేడం వచ్చింది. జరిగింది హిందీలో చెప్పాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను. ఆవిడ నలిగిన గుడ్డని, అత్తని చూసి, "పహలే ఇన్‌కో బిఠావో", ముందు ఈమెని కూర్చోబెట్టు, అంటూ కుర్చీ జరిపింది. అత్త కూర్చోలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుంటూనే ఉంది.

"వాటిని చంపే మందు కోసమేనత్తా ఇదంతా," అన్నాను.

"సంపడానికి పెంచడమేటే?"

జవాబు నాకు తెలుసు. నలిగిన గుడ్డని మడిచి బల్ల మీద పెట్టాను.

ఆ రాత్రే తల్లి పురుగులు ఇంకో పంచె ముక్క మీద గుడ్లు పెట్టాయి. పరీక్ష కొంచెం వెనక్కి జరిగింది, అంతే.

ఇంట్లో అత్త మాత్రం నాతో మాట్లాడలేదు. "నీ కూతురు పురుగులకి పురుడు పోత్తందిరా," అంది నాన్నతో. నాన్న నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.