పడితే ఎవరికి చెప్పాలి

బైక్ రేసు ఫారం అంతా నింపాను, ఒక్క గడి తప్ప. వయసు నలభై ఒకటి, బ్లడ్ గ్రూపు, బండి నంబరు, ఇంతకు ముందు రేసుల్లో తగిలిన దెబ్బలు. దెబ్బల గడి మరీ చిన్నది, నావి అందులో పట్టక పక్క ఖాళీలో కూడా రాయాల్సి వచ్చింది. ఆఖరి గడిలో, ఏదైనా జరిగితే కబురు చేయాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబరు రాయాలి. ఆ మనిషి ఈ దేశంలోనే ఉండాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో పదమూడేళ్లుగా ఉంటున్నాను. గ్యారేజీలో బండ్ల పని. గదిలో ఆరుగురం ఉంటాం. ఆ గడిలో రాయడానికి ఒక్క పేరు కూడా తోచలేదంటే ఎవరూ నమ్మరు. గదివాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, జ్వరమొస్తే చారు కాచిపెడతారు. కానీ నేను మళ్లీ రేసుకు పోతున్నానని వాళ్లలో ఎవరికి చెప్పినా సాయంత్రానికల్లా ఆ మాట జగిత్యాలలో మా ఇంటికి చేరుతుంది. అందుకని నా తెలివంతా ఉపయోగించాను. ఇక్కడ చాలామందికి ఉన్నట్టే నాకూ రెండు నంబర్లు, ఒకటి పనికి, ఒకటి ఇంటికి. ఆ గడిలో ‘అన్న’ అని రాసి, నా రెండో నంబరే వేశాను.

పోయినసారి సంగతి కొంచెం చెప్పాలి. 2020 మొదట్లో, ఇదే రోడ్డు. ఫుజైరా వైపు కొండల్లో ఉంటుంది. ఏదో ఒక సెలవు రోజు పొద్దున పోలీసులు దాన్ని రెండు వైపులా మూసేస్తారు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని మోజు చంపుకోలేని మాలాంటివాళ్లం ఒకరి తర్వాత ఒకరం బండ్లు వదులుతాం. కింద నుంచి పై రౌండబౌట్ దాకా పోయి, తిరిగి కిందికి రావాలి. అలా రెండు సార్లు. ఎవరికి తక్కువ టైం పడితే వాళ్లు గెలిచినట్టు. ఆ ఏడు నీళ్ల ట్యాంకు మలుపులో నా వెనక చక్రం జారింది. భుజం ఎముక విరిగింది, కుడి కాలు విరిగింది. ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేసరికి లోకమంతా తలుపులు వేసుకుంది.

నా భార్యకు చెప్పలేదు. ఆ లాక్‌డౌన్ నాకు భలే కలిసొచ్చింది. క్యాంపు మూసేశారు, నెట్ సరిగా లేదు, వీడియో రావడం లేదు అంటే కాదనేవాళ్లెవరు? మంచం మీద కాలు ఎత్తి పెట్టుకుని, ‘పనుల్లేవు, తిని పండుకుంటున్నం’ అని రెండు నెలలు చెప్పాను. తర్వాత విమానాలు మొదలై, మా గదిలో ఉండే పక్క ఊరివాడు ఇంటికి పోయి, క్వారంటైన్ అయిపోయిన మర్నాడే మా ఇంటికెళ్లి మొత్తం కక్కేశాడు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసి, “కాలెట్లున్నది?” అని అడిగింది. బాగానే ఉందన్నాను. “సరే” అని పెట్టేసింది.

ఆ తర్వాత మా మధ్య కొట్లాట లేదు, అలక లేదు, ఏమీ లేదు. రోజూ ఫోన్ ఉంటుంది. బిడ్డ చదువు, బోరు మోటరు, చిట్టచివర ‘తిన్నవా’. రెండుసార్లు సెలవు మీద పోయాను. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, నా భుజం మీది కుట్ల మచ్చ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బండి మీద కోపం అనుకున్నాను. దెబ్బ తగిలినప్పటి నుంచి బండి గ్యారేజీ వెనక పట్టా కిందే ఉంది. నాలుగేళ్లు ముట్టుకోలేదు.

మళ్లీ ఎందుకు పట్టా తీశావంటే చెప్పడం కష్టం. గదిలో ఆరుగురి మధ్య ఒంటరిగా ఉండటం నాకు చేతకావడం లేదు. ఒకడు ఫోన్లో భార్యతో గుసగుసలాడుతుంటాడు, ఒకడు సినిమా పెట్టుకుంటాడు, నేను గోడ వైపు తిరిగి పడుకుంటాను. బండి మీదా ఒంటరితనమే. కాకపోతే అది నేను కోరి తెచ్చుకున్నది.

అనుకున్న రోజు తెల్లవారకముందే బండిని అద్దె పికప్‌లో కట్టుకుని బయల్దేరాం. డ్రైవరు పఠాన్, అరవై దగ్గర పడిన మనిషి, గడ్డానికి గోరింట రంగు. దారిలో నమాజుకు ఒకసారి ఆపాడు, చాయ్‌కి ఒకసారి ఆపాడు. నా గ్లాసు కూడా తనే తెచ్చి చేతికిచ్చాడు. మూడు గంటల దారిలో మేం మాట్లాడుకున్నవి పది మాటలు ఉండవు.

రేసు దగ్గర టేబుల్ వేసుకుని ఒక మలయాళీ అమ్మాయి కూర్చుంది. ఫారం చూసింది, సంతకం చూసింది, ఆఖరి గడి మీద వేలు పెట్టి తన ఫోన్లో ఆ నంబరు కొట్టింది. నా జేబులో ఫోన్ మోగింది. ఆమె నా జేబు వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. అది ఆగకుండా మోగుతూనే ఉంది. వెనక లైన్లో ఒకడు నవ్వాడు.

“భయ్యా, యే తో ఆప్ హీ హో,” అంది, ఇది మీరే కదా అని. పాపం, గట్టిగా కూడా అనలేదు. తర్వాత నిబంధన చెప్పింది. రైడరుతో పాటు ఒక మనిషి వచ్చి ఉండాలి, రేసు అయ్యేదాకా ఇక్కడే నిలబడాలి, రైడరు ఇంటి నంబరు అతని దగ్గర ఉండాలి. లేకపోతే బండి వదలనివ్వరు. అరగంట టైమిచ్చింది.

చుట్టూ చూశాను. ప్రతి బండి దగ్గరా ఎవరో ఒకరున్నారు. ఒకడి భార్య హెల్మెట్ అద్దం తుడుస్తోంది, ఒకడి తండ్రి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గేసింది. పదమూడేళ్లలో వందల బండ్లు బాగుచేశాను, నా పక్కన నిలబడే ఒక్క మనిషిని సంపాదించుకోలేకపోయాను. తిరిగి పోదామనుకుని పికప్ దగ్గరికి వెళ్లాను. సీటు వెనక్కి వాల్చుకుని కునుకు తీస్తున్న పఠాన్‌ను లేపి, వచ్చిన హిందీలో సంగతంతా చెప్పాను.

“ముఝే కర్నా క్యా హై?” అన్నాడు.

ఏమీ చేయక్కర్లేదు, టేబుల్ దగ్గర నిలబడితే చాలు, నేను పడితే కబురు చెప్పాలి, అంతే అన్నాను.

“గిర్ గయా తో కిస్‌కో బోలూఁ?”

పడితే ఎవరికి చెప్పాలి. ఆ అమ్మాయి ఫారం అడిగిన ప్రశ్నే. కానీ ఫారానికి చెప్పినట్టు ఆ ముసలాయన మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాను. నా భార్య నంబరు ఇచ్చాను. పడితేనే చెయ్యమని రెండుసార్లు చెప్పాను. తలూపి, చెప్పులేసుకుని నా వెంట టేబుల్ దగ్గరికి వచ్చాడు. నంబరు సరైనదేనా అని ఆ అమ్మాయి అతన్ని అడుగుతుండగా నేను బండి తనిఖీకి పోయాను. ఆయిల్ బోల్టు ఊడకుండా దానికి తీగ చుట్టారా లేదా అని పట్టిపట్టి చూస్తారు. నా పని నాకు బాగా వచ్చు, అక్కడ పేచీ రాలేదు.

నా వంతు ఎనిమిదోది. హెల్మెట్ పెట్టుకుని గీత మీదికి వచ్చాక పక్కకు చూశాను. తాడు అవతల పఠాన్ నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోన్ పైకెత్తి ఊపాడు.

“నంబర్ ఠీక్ హై! భాభీ హై, భాభీ!”

నా భార్యకు ఫోన్ చేసి, నంబరు పనిచేస్తోందో లేదో చూశాడన్నమాట. ఆ అమ్మాయి చేసిన పనే తనూ చేశాడు. ఇక్కడి పద్ధతి అదేననుకున్నాడు. దిగి పరుగెత్తి ఆ ఫోన్ లాక్కుందామనుకున్నాను. జెండా ఊపేవాడు అప్పటికే చేయి ఎత్తాడు.

యల్లా, ఇక పో అన్నాడు, వదిలాను.

మూసిన రోడ్డు మీద రెండు వైపులూ మనవే. ఎదురుగా ఎవరూ రారు. మలుపు కోసుకుంటూ పసుపు గీత దాటి అవతలి అంచు దాకా పోవచ్చు, పోవాలి కూడా. నాకు చేతులు రాలేదు. నాలుగేళ్లు గ్యారేజీ బండ్లను లైన్ తప్పకుండా నడిపిన చేతులు గీత దగ్గరికి రాగానే వెనక్కి లాగేసేవి. మూడో మలుపుకు గాని దాటలేకపోయాను. నీళ్ల ట్యాంకు మలుపు వచ్చేసరికి బ్రేకు నొక్కేశాను. అక్కడ సైకిలు తొక్కే పిల్లలు కూడా నాకన్నా వేగంగా పోతారేమో, అంత మెల్లగా తిప్పాను. సిగ్గుపడలేదు. ఆమె ఇప్పుడు ఏం చేస్తుంటుంది, ఎవరితో ఉంది, పొయ్యి మీద ఏముంది అన్నదే బుర్రలో తిరిగింది.

మొదటి రౌండు కిందికి వచ్చేసరికి పఠాన్ పికప్ వెనక భాగం మీద ఎక్కి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నా వైపు ఎత్తాడు, రెండో చెయ్యి చెవి దగ్గరే ఉంది. ఫోన్ ఇంకా పెట్టేయలేదు. రెండో రౌండులో ట్యాంకు మలుపు కాస్త మెరుగ్గా తిప్పాను. ఎందుకో చెప్పలేను. ఆ ఫోన్ ఇంకా తెగలేదని తెలియడం వల్లనే కావచ్చు.

పద్నాలుగు మందిలో పదకొండోవాణ్ని. బండి స్టాండు వేసి హెల్మెట్ తీసేలోపే పఠాన్ ఫోన్ నా చేతిలో పెట్టి, మర్యాదగా పది అడుగులు అవతలికి పోయి నిలబడ్డాడు.

“నేనే,” అన్నాను.

“పడ్డవా?”

“లే.”

“తాత హిందీల అన్నీ చెప్పిండు. ఎర్ర బండి పోయింది, నీలి బండి పోయింది, ఇగ నీ ఆద్మీ వస్తడు అనుకుంట.” గొంతు మామూలుగానే ఉంది. “నాకెందుకు చెప్పలే?”

“భయపడ్తవని.”

లైను తెగిందేమోనని ఫోన్ తీసి చూశాను.

“నువ్వు ఒక్కపారి ఫోన్ ఎత్తకుంటే నాలుగేండ్ల సంది నేను భయపడుతనే ఉన్న. స్నానానికి పోయినా పడ్డవేమో అనుకునుడే, పండుకున్నా పడ్డవేమో అనుకునుడే. నీ మీద కోపం గాదు, నాకు నీ మాట మీద నమ్మకం పోయింది.” ఊపిరి తీసుకుంది. “ఇయ్యాల ఎప్పుడు భయపడాల్నో తెలిసి భయపడ్డ. ఇరవై నిమిషాలు. అయిపోయింది.”

బండికి ఆనుకుని కింద కూర్చున్నాను.

“రేపటి నుంచి ఫోన్ ఎత్తకుంటే స్నానానికి పోయినవనుకుంట,” అంది. “పో, ఏమన్న తిను.”