రెండు ఆదివారాల గడువు

దయ్యాలు, ఆత్మలు నా లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. నేను భోపాలపట్నం బస్‌స్టాండులో టైమ్‌కీపర్ని. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం అన్నది ఇరవై ఆరేళ్లుగా రిజిస్టర్లో రాస్తున్నాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. రాసి, రెండోసారి చూసి సరిపోతేనే నమ్ముతాను.

కింద రాసింది కూడా రెండుసార్లు చూసే రాశాను. సరిపోలేదు.

నా చెల్లెలు పద్మ నాకన్నా పదకొండేళ్లు చిన్నది. పెళ్లి చేసుకోలేదు. బాసగూడ వైపు లోపలి ఊళ్లో నర్సుగా చేసేది. ఆ ఊళ్లో సిగ్నల్ లేదు. పదకొండు కిలోమీటర్ల దూరంలో సంత జరిగే ఊరు ఉంది, అక్కడ టవర్ ఉంది. సంత ఆదివారం. కాబట్టి మా చెల్లెలు నాకు వారానికి ఒక్కరోజే అందేది.

సంత నుంచి ఫోన్ చేస్తే మాట మధ్యలో తెగిపోయేది. మెసేజ్ పంపితే ఎప్పుడూ ఒకటే మాట, "బాగున్న". ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు చెయ్యి విరిగినరోజు కూడా అదే చెప్పింది.

అందుకని మేము ఫోన్లో పులిజూదం ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడిన ఆటే. అప్పుడూ ఇప్పుడూ పులులు నావి, మేకలు ఆమెవి. మేకల్ని చూసి ఆమె ఎట్లా ఉందో చెప్పగలిగేవాణ్ణి. బాగున్నానని ఎవరైనా రాస్తారు. మేకను సరైన చోట పెట్టాలంటే మాత్రం మనసు నిలకడగా ఉండాలి.

ఆ ఆటలో ప్రతి ఎత్తుకూ గడువు ఉంటుంది. గడువు దాటితే ఓడినట్టే. అందులో సెలవు రోజులు కూడా పెట్టుకోవచ్చు, సెలవు రోజున గడియారం ఆగుతుంది. ఆట తయారుచేసినవాళ్లు శని, ఆదివారాలు సెలవని ముందే టిక్కు పెట్టి ఉంచారు. మాకు అది తలకిందులు. నేను ఆ రెండు టిక్కులు తీసేసి సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులూ సెలవు పెట్టాను. గడియారం ఆదివారం మాత్రమే నడుస్తుంది. గడువు రెండు రోజులు, అంటే మా లెక్కలో రెండు ఆదివారాలు. ఇంత బాగా కుదిర్చినందుకు చాలా గర్వపడ్డాను.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం ఆమె సంతకు రాలేదు. ఏదో ట్రైనింగ్ అట. గడువు రెండు ఆదివారాలు కాబట్టి ఆట పోలేదు. కానీ పద్నాలుగు రోజులు ఆమె ఎట్లా ఉందో నాకు తెలియలేదు. ఆ పద్నాలుగు రోజులు రిజిస్టర్లో రెండుచోట్ల తప్పు రాశాను.

వానలు మొదలయ్యేముందు ఆమె వారం రోజులు సెలవు మీద ఇంటికొచ్చింది. అప్పుడు కొత్త ఆట మొదలుపెట్టాం. ఒకే మంచం మీద, చెరో ఫోన్ పట్టుకుని. ఈసారి సెలవులు అవే ఉంచి, గడువు ఒక్క రోజే పెట్టాను.

ఆమె చూసింది. "రెండు ఆదివారాలు పెట్టు అన్నా. వానలున్నయి" అంది.

"వారం వారం మేక కదిలితే నువ్వు మంచిగున్నవని నాకు తెలుస్తది" అన్నాను.

"నేనేమన్న నీ బస్సునా, టైముకు రావడానికి?"

నా భార్య పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. గడువు మాత్రం మార్చలేదు. ఒకసారి ఆట మొదలైతే సెలవులు మార్చడం కుదరదు. గడువు మార్చాలంటే ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి.

మేకలన్నీ ఇంట్లో ఉండగానే బల్ల మీదికి వచ్చేశాయి. మిగిలిన ఆట ఆదివారాలకు దాచుకున్నాం. ఆట ఎక్కువ రోజులు సాగాలని ఆదివారానికి చెరో ఎత్తు మాత్రమే అనుకున్నాం.

ఆమె ఎత్తు వేయగానే నా ఫోన్ మోగేది. బస్సు నిలబడి ఉన్నా, డ్రైవర్లు పిలుస్తున్నా, నేను నిమిషాల్లో తిరిగి ఎత్తు వేసేవాణ్ణి. చెల్లెలు అక్కడ నిలబడి ఉంటుంది, చూసి సంబరపడుతుంది అనుకునేవాణ్ణి. అట్లా ఏడు ఆదివారాలు గడిచాయి. ఏడో ఆదివారం ఆమె మేక నా రెండో పులిని కూడా కట్టేసింది. మూడో పులికి ఒక్క దారే మిగిలింది. అందులోకి జరిపాను. వెనక వదిలిన చోటిని మేకతో మూస్తే, ఆ ఒక్క ఎత్తుతో ఆమె గెలుస్తుంది. మా చెల్లెలు దివ్యంగా ఉంది అనుకుని ఆ రోజు టీ కొట్లో అందరికీ చెప్పాను.

మంగళవారం ఎవరో సంత ఊరి నుంచి ఫోన్ చేశారు. పద్మకు జ్వరం ముదిరింది, బీజాపూర్ ఆసుపత్రికి తెస్తున్నారని. మలేరియా. తలకెక్కిందన్నారు. నేను వెళ్లేసరికి కళ్లు తెరిచి ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టలేదు. గురువారం పొద్దున పోయింది. శుక్రవారం భోపాలపట్నంలో దహనం చేశాం.

ఆమెతో పాటు ఆసుపత్రికి బుధ్రి వచ్చింది. ఆ ఊరి మితానిన్. ఊళ్లో మందులు పంచి, నర్సుకు సాయపడే ఆవిడ. దోర్లీ, తెలుగు కలిపి మాట్లాడుతుంది. వరండాలో నా పక్కన కూర్చుని చెప్పింది. పద్మకు అంతకుముందు శుక్రవారం నుంచే జ్వరమట. శనివారం తానే తన వేలు గుచ్చుకుని పరీక్ష చేసుకుందట. మాత్రలు మొదలుపెట్టిందట. ఆదివారం తెల్లారగానే సంతకు బయల్దేరిందట, నడిచి.

నడిచి ఎందుకని అడిగాను. సంత ట్రాక్టర్ ఉంది కదా.

"ట్రాక్టర్ పొయ్యేసరికి మధ్యాహ్నమైతది. ఆగు దీదీ అన్న. నేను ఆగుత గాని మా అన్న గడియారం ఆగదు అని నవ్వింది" అంది బుధ్రి.

నాకు అప్పుడు అర్థం కాలేదు. శుక్రవారం దహనం నుంచి వచ్చి స్నానం చేసి, ఆటలో నేను వేసిన ఎత్తుల సమయాలు ఒక కాగితం మీద రాశాను.

ఒంటిగంట పది. పన్నెండు యాభై రెండు. పన్నెండు నలభై. పన్నెండు పది. పదకొండు ముప్పై అయిదు. పది యాభై. పది ఇరవై.

గడువు ఒక రోజు అంటే ఇరవై నాలుగు గంటలు. నేను ఆదివారం ఒంటిగంటకు ఎత్తు వేస్తే ఆ రోజు పదకొండు గంటలు పోతాయి. ఆరు రోజులు ఆగి, వచ్చే ఆదివారం మిగిలిన పదమూడు గంటలు నడుస్తాయి. అంటే సరిగ్గా ఒంటిగంటకు ముగుస్తుంది. ఆమె దానికి ముందే రావాలి. ఆమె ముందు వస్తే నేను వెంటనే వేస్తాను. నేను వెంటనే వేస్తే వచ్చే వారం ఆమె ఇంకా ముందు రావాలి. ప్రతి వారం నేను ఆమె పొద్దుని కొంచెం కోశాను. ట్రాక్టర్ సంతకు చేరేది పన్నెండుకి. బురదలో ఇంకా ఆలస్యం. అయిదో ఆదివారం నుంచి ఆమెకు ట్రాక్టర్ పనికిరాలేదు.

నేను సాయంత్రం దాకా ఆగి ఎత్తు వేసి ఉంటే సరిపోయేది. మరుసటి ఆదివారం సాయంత్రం దాకా ఆమెకు గడువు ఉండేది. బస్సుల టైములు చూసుకునేవాణ్ణి, ఈ లెక్క నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. చెప్పలేదు.

నడక వల్లే ఇట్లా అయిందా అని డాక్టరును ముందే అడిగి ఉన్నాను. అట్లా అని చెప్పలేం అన్నాడు. కాదు అని కూడా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఎనిమిదో ఆదివారం వచ్చింది. ఆట ఇంకా నడుస్తోంది. ఎత్తు ఆమెది. పది ఇరవైకి ఆమె గడువు ముగుస్తుంది, నేను గెలిచినట్టు చూపిస్తుంది. ఒక్క ఎత్తులో గెలవాల్సిన మనిషి టైము అయిపోయి ఓడినట్టు రాస్తుంది. నేను ఓటమి ఒప్పుకుని ఆట ముగించవచ్చు. ఆ మీట మీద వేలు పెట్టి రెండుసార్లు తీసేశాను. ముగిస్తే ఆమెతో ఆట ఇక ఉండదు.

ఇంటి ముందు పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నాను. ముప్పై మూడు నిమిషాలు మిగిలాయి. అప్పుడు ఫోన్ మోగింది.

తెర మీద ఇట్లా ఉంది: మీతో ఆడుతున్నవారు గడువును ఒక రోజు నుంచి రెండు రోజులకు మార్చమని అడుగుతున్నారు. కింద రెండు మీటలు. ఒప్పుకోండి. వద్దనండి.

పంపిన సమయం తొమ్మిది నలభై ఏడు. తేదీ ఆ రోజుదే. నా చేతి గడియారం చూశాను. తొమ్మిది నలభై ఎనిమిది. అది ఒక నిమిషం ముందు నడుస్తుంది.

లోపలికి వెళ్లాను. పద్మ ఫోన్ ఆమె బట్టల సంచిలో, సంచి బీరువాలో, బీరువా తాళం నా మొలతాడుకు ఉంది. తీశాను. ఫోన్ చల్లగా ఉంది. తెర నల్లగా ఉంది. సోమవారమే చార్జింగ్ అయిపోయిందని బుధ్రి చెప్పింది. ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు. మీట నొక్కి పట్టుకున్నాను. వెలగలేదు.

ఆ ఆటలో ఆమె ఖాతా నేనే తెరిచి ఇచ్చాను. పాస్‌వర్డ్ నాకూ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నేను నా ఫోన్ తప్ప దేన్నీ ముట్టుకోలేదు. నా భార్యకు ఆ ఆట తెరవడం కూడా రాదు.

బీరువా ముందే నేల మీద కూర్చున్నాను. నా భార్య వచ్చి చూసి, పక్కన కూర్చుంది. ఫోన్ చూపించాను. ఆమె తెలుగు నెమ్మదిగా చదువుతుంది. చదివాక, "ఒప్పుకోరాదా? ఎన్నిసార్లు అడుగుతది" అంది.

తొమ్మిది యాభై ఏడుకు ఒప్పుకున్నాను. గడువు మారింది. వచ్చే ఆదివారం పది ఇరవై దాకా.

మరుసటి రోజు మొబైల్ దుకాణంలో అడిగాను. ముందెప్పుడో పంపింది నెట్‌వర్కులో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చి ఉంటుందన్నాడు. పంపిన తేదీ ఆదివారానిదే కదా అన్నాను. కొంతసేపు చూసి, "నాకు తెలియదు అన్నా" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

శనివారం పదో రోజు. బుధ్రి మద్దేడ్ దాకా ఎవరి బండి మీదో వచ్చి, అక్కడ బస్సెక్కి వచ్చింది. ఆమెకు నేను గడువు సంగతి చెప్పలేదు. నా భార్య కూడా చెప్పలేదు. అన్నాలు అయ్యాక, చివరి ఆదివారం సంతలో పద్మ ఏం చేసిందో మళ్లీ చెప్పమన్నాను. వినకుండా ఉండలేకపోయాను.

బుధ్రి కూడా ఆ రోజు ఆమెతో నడిచింది. సంతలో ఇంకా కొట్లు పెట్టలేదట. పద్మ టవర్ కింద రాయి మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుందట. కొంతసేపటికి లేచి ఫోన్లో ఏదో నొక్కబోయి ఆపిందట.

"ఏంది దీదీ అన్న. అన్నను ఇంకో వారం అడుగుదామనుకున్న, ఇప్పుడు అడిగితే నాకు బాగలేదని ఆయనకు తెలిసిపోతది అన్నది. అడగలే. మేకను జరిపింది. అది జరపడానికి మస్తు సేపు చూసింది."

బుధ్రి దగ్గర గడియారం లేదు. ఇంటి నుంచి బయల్దేరిన వేళ, దారిలో కూర్చున్న చోట్లు, సంత కొట్లు తెరిచే సమయం అన్నీ అడిగి, ఆమె నొక్కబోయి ఆపిన వేళ ఎంతో లెక్క కట్టాను. తొమ్మిదిన్నర దాటాక, పదికి ముందు. పద్మ మేకను జరిపింది పది పద్నాలుగుకు, అది ఆటలోనే ఉంది. తొమ్మిది నలభై ఏడు ఆ మధ్యలోనే పడుతుంది. సమయం సరిపోతుంది. తేదీ సరిపోదు. పైగా ఆమె అది పంపలేదు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే డ్యూటీకి వెళ్లాను. పది ఇరవైకి బీజాపూర్ బస్సు నిలబడి ఉంది. ఫోన్ మోగింది. ఎదుటివారి గడువు ముగిసింది, మీరు గెలిచారు అని వచ్చింది. కాసేపు చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. బస్సు టైము రాశాను. ఆలస్యం నాలుగు నిమిషాలు.

ఆ ఆటను ఫోన్లోంచి తీసేయలేదు. రెండు పులులు కట్టుబడి, మూడోది ఒక్క దారి ముందు నిలబడి, అట్లాగే ఉంది. ఆ ఒక్క దారి పక్కన ఆమె మేక ఉంది. మళ్లీ ఏ రోజూ ఏదీ రాలేదు.

పద్మ ఫోన్‌కు తర్వాత చార్జింగ్ పెట్టాను. వెలిగింది, లాకు గీత అడిగింది. అది నాకు తెలియదు. తెలిసినవాడితో తీయించవచ్చు. తీయిస్తే అందులో ఆ అడిగిన మాట ఉంటుందా, ఉండదా అన్నది తేలిపోతుంది. తీయించలేదు.

నేను తప్పు లెక్క కట్టి ఉండవచ్చు. చూసినవాళ్లు ఎవరైనా ఎక్కడ తప్పిందో చెబితే ఒప్పుకుంటాను. ఆమె రెండు ఆదివారాలు అడిగింది. వానలకు ముందు, మంచం మీద కూర్చుని అడిగినప్పుడు ఇవ్వలేదు. తర్వాత అడిగితే పది నిమిషాలు ఆలోచించి ఇచ్చాను. ఎవరికి ఇచ్చానో ఈ రోజుకీ తెలియదు.