కొట్టంలో తొక్కిన సైకిలు

ఇది కల్పించి చెప్పేది కాదు. నాకు జరిగింది. మీరు నవ్వినా సరే... వినండి.

యాభైలలో మాట. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరుకు సైకిల్ పందెం పెట్టారు. గెలిచినవాడికి కొత్త సైకిలు. అసలు పోటీ నాకూ, మా మేనత్త కొడుకు ఓబులేసు బావకూ.

పగలు ఎండకు రోడ్డెక్కలేం. తెల్లవారుజామున రోడ్డు మీద తొక్కేవాణ్ణి. రాత్రిళ్ళు మా వేరుశనగ కొట్టంలో. వెనక చక్రం నేలకు తగలకుండా ఇరుసును నాపరాళ్ళ మీద నిలిపి, బ్రేకు సగం బిగించి, ఉన్నచోటే తొక్కడం. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ళు తట్టుకోవాలని.

ఒక పొద్దున బావ వచ్చాడు. ముఖం అదోలా ఉంది.

"ఏమప్పా, రాత్రి వంక కాడ నన్ను దాటుకోని పోతివే. పిలిస్తే పలకవు?"

"నేను యాడికీ పోలేదు బావా. కొట్టంలోనే తొక్కుతాంటి."

"నిన్ను గుర్తుపట్టలేనా. తల గూడా తిప్పలేదు నువ్వు."

పందేనికి ముందు నన్ను బెదరగొడుతున్నాడు... అనుకున్నాను.

ఆ రాత్రి లోపల గడియ వేసుకుని తొక్కసాగాను. గొలుసు కిర్రు... కిర్రు... కాసేపటికి గోడకు అవతల కూడా అదే చప్పుడు. బావే, అనుకున్నాను. ఆగాను. నా చక్రం ఆగింది. బయట... ఇంకొక్క చుట్టు తిరిగి... అదీ ఆగింది.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ మొదలైంది.

దిగి గడియ తీశాను. వెన్నెల. ఎవరూ లేరు. దారిలో దుమ్ము మీద కొత్తగా పడిన టైరు గుర్తు ఒక్కటి కూడా లేదు.

లోపలికొచ్చి లాంతరు ఎత్తాను. వెనక చక్రం నిండా బురద... తడి నల్లరేగడి. వాన పడి నెలలైంది. ఆ చుట్టుపక్కల నీళ్ళున్నది బావ చెప్పిన ఆ వంకలోనే, ఆ వాగులోనే. వేలితో తాకాను. చల్లగా ఉంది.

నేను బయట నిలబడింది ఎంతసేపని... ఆ కాస్తలో ఎవరైనా దూరారా?

తెల్లారగానే బావ ఇంటికి పోయాను, నిలదీద్దామని. నన్ను చూడగానే గడపలోంచి వెనక్కి జరిగాడు.

"నేనే పందెం మానుకుంటాండా లేప్పా. రాత్రంతా నా పక్కనే తొక్కుతాంటివి. మా ఇంటి కాడికి గూడా వస్తివి. ఎందుకు నన్నిట్ల బెదిరిస్తాండావు?"

నేనూ పందేనికి పోలేదు. ఆ కొత్త సైకిలు ఎవరో జమ్మలమడుగు వాడు గెలుచుకున్నాడు.

అంతా నేనే చేశానని బావ ఇప్పటికీ అంటాడు. ఆయనే చేశాడని నేనంటాను. కానీ ఆయన కళ్ళలోకి చూస్తే... అబద్ధం కనపడదు. నా కళ్ళలో ఆయనకు ఏం కనపడుతుందో మరి... ఈ రోజుకీ నాతో ఒంటరిగా నడవడు.